ఏడు దాటించిన గవరమ్మ

అనగనగా ఒక ఊరు. ఆ ఊరికో వాగు. వాగు పక్కన ఒక పాక. పాకలో ఒక ముసలమ్మ. ముసలమ్మకి పని జాస్తి, ఓపిక నాస్తి.

ఎన్నాళ్ళ కిందటి మాట అంటారా? ఆ ఊరి తాటిచెట్లు ఇంకా మనిషెత్తు ఉన్నప్పటి మాట. చెట్లు పొట్టిగా ఉన్నా, మగాళ్ళు మాత్రం అప్పుడు కూడా పొడుగ్గానే మాట్లాడేవారు.

ఊరి పేరు నేరేడువలస. ముసలమ్మ పేరు గవరమ్మ. నాట్లకి వెళ్ళే తల్లులు, కలుపుకి వెళ్ళే తల్లులు, కోతకి వెళ్ళే తల్లులు తెల్లారగానే పిల్లల్ని తెచ్చి ఆవిడ పాకలో దింపేవారు. నడిచే పిల్లలు, పాకే పిల్లలు, ముక్కు కారే పిల్లలు. పొద్దు వాలాక తీసుకుపోతూ తలో గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు, ఇచ్చేవారు. ఆ చోళ్ళే ఆవిడ అంబలి.

పిల్లల్ని చుట్టూ కూచోబెట్టుకుని పాటలు పాడే ఓపిక గవరమ్మకి లేదు. చింతపండు గింజలు తీయాలి, చీపుర్లు కట్టాలి, మధ్యాహ్నానికి అంబలి కాయాలి. పన్నెండు మంది కాళ్ళకి అడ్డం పడుతుంటే ఇవన్నీ ఎలా అవుతాయి? అందుకని పన్నెండు మందినీ పనిలోకి దింపింది.

"ఒరే, చింతగింజలు పెద్దవి ఇటు, చిన్నవి అటు. పుచ్చులు ఏరి నా మొహాన కొట్టండి."

ఏరేవారు.

"ఈ ఈనె కన్నా పొడుగుది తే. దాని కన్నా పొడుగుది తే. నీ కన్నా పొడుగుది తెచ్చావేంరా, చీపురు కట్టమన్నానా, నిచ్చెన కట్టమన్నానా?"

వెతికేవారు.

"కుండలో నీళ్ళు పొయ్యండి. సోలతో పోస్తే ఎన్ని పట్టాయి? తవ్వతో పోస్తే ఎన్ని పట్టాయి? తవ్వతో ఎందుకు తగ్గాయంటే నన్నడక్కండి. పోసింది మీరు, తడిసింది మీరు. మీరే చెప్పండి."

పోసేవారు, ఒలకబోసేవారు, మళ్ళీ పోసేవారు. చివరికి ఎవడో ఒకడు అరిచేవాడు: "మామ్మా, తవ్వ పొట్టలో రెండు సోలలున్నాయే!"

"నాకు తెలీదనుకున్నావా?" అనేది గవరమ్మ, తల ఎత్తకుండా. అదే ఆవిడ మెచ్చుకోలు.

అంబలి వేళకి ఎవరో ఒకర్ని లేపేది. "ఎంతమందున్నారో అన్ని దొప్పలు తే." వెళ్ళిన పిల్ల తోచినన్ని తెచ్చేది. ఇద్దరికి చాలేవి కావు. మళ్ళీ వెళ్ళేది. ఈసారి మూడు మిగిలేవి. మళ్ళీ వెళ్ళేది. అంబలి చల్లారిపోతున్నా సరే, గవరమ్మ అంకె చెప్పేది కాదు. ఎవరైనా గడగడా ఏదో లెక్క అప్పచెప్పబోతే ఒకటే మాట.

"నోరు కాదు, చెయ్యి చూపించు."

పాక ముందు నుంచి వెళ్ళే మగాళ్ళు ఆగి మరీ చూసేవారు. "ముసలిది పసిగుంటల చేత చాకిరీ చేయించుకుంటందిరా," అని నవ్వుకునేవారు.

గవరమ్మకి ఒళ్ళు మండేది. ఊరిపెద్ద నాయుడి మనవడు తాత వెనకాల కళ్ళానికి వెళితే అది పని నేర్చుకోవడం. కూలోళ్ళ పిల్లలు తన ముందు కూచుని గింజలు ఏరితే అది చాకిరీ. తల గోడకేసి కొట్టుకోవాలనిపించేది. పాకకి గోడల్లేవు, తాటాకు తడికలే. అందుకని కొట్టుకోలేదు.

ఇక ఆ ఊరి కొలత సంగతి వినండి. ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచాన్ని ఎవరూ 'ఒకటి' అనరు, 'లాభం' అంటారు. మంచి మాటతో మొదలెట్టాలని. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆరు తర్వాత వచ్చేదాన్ని నోటితో పలకరు. పలికితే 'ఏడు' అనాలి. ఏడు అంటే ఏడవమనీ అర్థం వస్తుంది కదా, గింజల ముందు ఆ మాటేమిటి అని. అందుకని 'ఆరున్నొక్కటి' అంటారు. అని, గబగబా ఎనిమిదిలోకి వెళ్ళిపోతారు.

చాలా ఊళ్ళలో ఇది కళ్ళం దగ్గరి మాటే. నేరేడువలసలో ఇంట్లోకీ వంటింట్లోకీ వచ్చేసింది. బడి అరుగెక్కేదాకా ఆ ఊరి పసిపిల్లలు 'ఏడు' అనే అంకెని చెవితో వినకుండానే పెరిగేవారు.

గవరమ్మకి ఆ ఆచారం మీద గౌరవమేమీ లేదు. కానీ ఆరున్నొక్కటి అనే మాట మీద మాత్రం ఆవిడకి కన్ను పడింది. ఆరు, ఇంకొకటి. మాటలోనే కూడిక ఉంది. ఊరంతా భయపడి కట్టుకున్న మాట, ఆవిడకి ఊరికే దొరికిన పాఠం.

"ఆరున్నొక్కటి గింజలు ఇవి. చూశారా?" అని గుప్పిట మూసేది. నాలుగు నేల మీద పడేసేది. "నా చేతిలో ఎన్నున్నాయి?"

"మూడు!"

"అయితే ఆరున్నొక్కటిని నాలుగున్మూడు అనొచ్చా?"

"అనొచ్చు!"

"అయిదున్రెండు?"

"అనొచ్చు!"

"మీ తాత పేరు పెట్టొచ్చా?"

పిల్లలు పొర్లి పొర్లి నవ్వేవారు. ఆ నవ్వేవాళ్ళలో అందరి కంటే ముందు జవాబు చెప్పే పిల్ల ఒకత్తి ఉండేది. పేరు సింహాలు. అయిదేళ్ళు నిండలేదు. దాని తల్లి ఎర్రయ్యమ్మ నాట్లకి వెళ్ళే మనిషి. గుప్పిట మూయకముందే ఎన్ని దాచారో సింహాలు కళ్ళు చెప్పేసేవి.

ఆ ఊళ్ళో బడి ఉంది. ఎక్కడ? తవిటినాయుడి అరుగు మీద. ఊరిపెద్ద నాయుడంటే ఆయనే. చదువు చెప్పేది వరహాలయ్య పంతులు, పొరుగూరి నుంచి వచ్చినాయన. ఆయన ఏడుని ఏడనే చెప్పేవాడు, చదువులో మాటకి దోషం లేదని ఊరు సర్దుకుంది. అరుగెక్కేది మగపిల్లలు. ఆడపిల్లలు ఎక్కకూడదని ఎవరూ అనలేదు. ఎక్కించాలని కూడా ఎవరికీ తోచలేదు, అంతే.

ఎర్రయ్యమ్మకి తోచింది. ఒకనాడు సింహాలుకి తలదువ్వి, చెయ్యి పట్టుకుని అరుగు దగ్గరికి తీసుకెళ్ళింది. తోడు రమ్మంటే గవరమ్మ కూడా వెళ్ళింది.

"బాబూ, ఈ గుంటని కూడా కూకోబెట్టండి," అంది ఎర్రయ్యమ్మ.

పంతులు పిల్లని పైనుంచి కిందికి చూశాడు. "ఒంట్లు వచ్చునా?" అన్నాడు. వంద దాకా అంకెలు అప్పచెప్పడాన్ని ఒంట్లు అనేవారు.

సింహాలు మొదలెట్టింది. "లాభం, రెండు..."

అరుగు మీది మగపిల్లలు గొల్లున నవ్వారు.

"లాభం కాదే, ఒకటి. సరే, కానీ."

"మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి..."

"అదేం అంకె? ఆరు తర్వాత ఏడు. ఊఁ, ఏడు!"

సింహాలు బిక్కమొహం వేసింది.

"చెవుడా? ఏడు!"

సింహాలు తల్లి వైపు చూసింది. గవరమ్మ వైపు చూసింది. పంతులు బెత్తం తీసి అరుగు మీద కొట్టాడు.

"ఏడవే!"

'ఏడు అనవే' అనబోయిన మాట ఆయన నోట్లో అలా ముడుచుకుని వచ్చింది. అప్పటికి సింహాలుకి విషయం అర్థమైంది. పెద్దాయన ఏడవమంటున్నాడు. పెద్దలు చెప్పిన మాట వినాలి. నోరు బార్లా తెరిచి, వాగవతలికి వినపడేలా ఏడ్చింది.

అరుగంతా నవ్వు. పంతులు కూడా నవ్వాడు. "ఇది మొద్దు. ఆడగుంటలకి లెక్క అంటదని ఊరికే అన్నారా?" అన్నాడు.

"ఏడవమన్నది మీరు, ఏడ్చింది అది. చెప్పిన మాట విన్న పిల్ల మొద్దా?" అంది గవరమ్మ.

ఎవరూ వినలేదు. అక్కడ మంచి ఇటుక గోడ ఉంది. కానీ అది నాయుడిగారి గోడ. గవరమ్మ తల కొట్టుకోకుండానే తిరిగి వచ్చింది.

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఈసారి నాయుడి దగ్గరికి. నాయుడు మంచం మీద కూచుని చుట్ట తాగుతున్నాడు.

"నాయుడుబాబూ, ఆ పిల్లకి లెక్క వచ్చు. అంకె పేరు తెలీదు, అంతే."

"గవరమ్మా, రేపది ఊడుపుల్లోకి పోయే పిల్ల. లెక్కతో ఏటి చేస్తాది?"

"మీ మనవడు చిట్టినాయుడు ఏటి చేస్తాడో అదే."

"వాడు మగోడు."

"తెలుసు బాబూ. వాణ్ణి మంత్రసానై నేనే తీశాను. చూశాను."

నాయుడు పొగ మింగి దగ్గాడు. దగ్గి, చెయ్యి ఊపి పొమ్మన్నాడు. ఆవిడ పోయింది.

ఆ సాయంత్రం ఎర్రయ్యమ్మ పాకకి వచ్చి పిల్లని చంకనేసుకుంది. "పోనీలే అప్పా. రేపట్నించి గట్టు మీద నా పక్కనే కూకోబెడతాను. నారు కట్టలందిస్తాది," అంది. నెమ్మదిగానే అంది. ఆ నెమ్మదే గవరమ్మని పొడిచింది. దెబ్బలాడే మనిషికి ఇంకా ఆశ ఉన్నట్టు. నెమ్మదిగా మాట్లాడుతోందంటే వదిలేసుకుందన్నమాట. పిల్ల గట్టెక్కి కూచుందంటే మళ్ళీ అరుగెక్కదు. ఒక్కసారి మొద్దు అనిపించుకున్న ఆడపిల్లని చూపించి ఇంకే ఆడపిల్లనీ ఎక్కనివ్వరు.

"మూడు రోజులాగు," అంది గవరమ్మ.

ఆ ఏడాది వానలు ముందే వచ్చి నాట్లు పడ్డాయి కానీ, ముంజెల కాలం ఇంకా దాటలేదు. మూడో రోజున గవరమ్మ తట్ట నిండా ముంజికాయలు దింపించింది. పైచెక్కు తానే కత్తితో కొట్టింది. కాయకి మూడేసి కళ్ళు, కంటికో ముంజె. తట్ట నెత్తినెత్తుకుని, సింహాలుని ముందు నడిపించుకుని అరుగు దగ్గరికి వెళ్ళింది. వెనకాల ఎర్రయ్యమ్మ. ఎర్రయ్యమ్మ వెనకాల, ఆ పూట పనులు మానేసిన ఆడవాళ్ళు.

"మళ్ళీ వచ్చావా?" అన్నాడు పంతులు.

"పరీక్ష పెట్టించుకోడానికి వచ్చాను బాబూ. మీ అరుగు మీద పిల్లాడొకడు, నా పాకలో పిల్లొకత్తి. పని ఒకటే. అది చేస్తే అరుగెక్కనివ్వండి. చెయ్యకపోతే ఇంక ఆడపిల్ల పేరెత్తను."

నాయుడికి ముంజెలు ఇష్టం. వేడుకా ఇష్టమే. "సరే కానీ. మా చిట్టినాయుడిని పిలవండి," అన్నాడు.

ఆరేళ్ళ చిట్టినాయుడు వచ్చాడు. పిలిచింది పరీక్షకని తెలియగానే, ఎవరూ అడక్కుండానే కళ్ళు మూసుకుని, ఊపిరి తీసుకోకుండా ఒకటి నుంచి వంద దాకా చదివేశాడు. ఊరు చప్పట్లు కొట్టింది.

"బాగా చదివావురా నాయనా," అంది గవరమ్మ. "నోరు అయింది, ఇప్పుడు చెయ్యి చూపించు. మీ తాతకి ఈ అడ్డాకు విస్తట్లో ఏ... ఆరున్నొక్కటి ముంజెలు పెట్టు."

నాలుక మీదికి వచ్చిన మాటని ఆవిడ మింగేసింది. ఎవరూ గమనించలేదు.

చిట్టినాయుడు మొదలెట్టాడు. నోరు గుర్రంలా పరిగెత్తింది, చెయ్యి ఎద్దులా నడిచింది. ఒకటి రెండు మూడు అనేసరికి వేళ్ళు ఇంకా మొదటి ముంజెనే తవ్వుతున్నాయి. ఏడు అని ఆపేసరికి ఆకులో నాలుగున్నాయి.

"ఎన్నున్నాయిరా?" అంది గవరమ్మ.

వాడు మళ్ళీ మొదలెట్టాడు. ఒక ముంజెని రెండుసార్లు ముట్టుకుని, "అయిదు," అన్నాడు.

"ఎన్నున్నాయి?"

మళ్ళీ లెక్కపెట్టాడు. ఈసారి మూడొచ్చాయి.

"ఇంతకీ ఎన్నున్నాయి నాయనా?"

వాడు ఏడుపు మొహం పెట్టాడు. గవరమ్మ వాడి తల నిమిరింది. "నీ తప్పు కాదురా. వంద దాకా నీ నోటికి నేర్పారు. ఈ పదివేళ్ళూ కూడా నీవేనని ఎవరూ చెప్పలేదు." చెప్పి, ఒక ముంజె వాడి నోట్లో పెట్టింది. వాడు ఊరుకున్నాడు.

ఆడవాళ్ళ గుంపులో ఎవరో కిసుక్కుమన్నారు. నాయుడు మీసం సవరించుకున్నాడు.

"ఇప్పుడు నువ్వు," అంది గవరమ్మ.

సింహాలు కొత్త అడ్డాకు పరిచింది. తట్టలోంచి ఒక కాయ తీసి బొటనవేలితో మూడు ముంజెలూ తవ్వి, ఒక కుప్ప పెట్టింది. ఇంకో కాయ తీసింది. ఆగిపోయింది.

ఆ కాయకి రెండే కళ్ళు.

ఎప్పుడో కానీ తగలవు అలాంటి కాయలు. చెక్కు కొట్టినప్పుడు గవరమ్మ చూసుకోలేదు. ఈ మూడు రోజులూ పిల్లకి పాకలో చూపించినవన్నీ మూడు కళ్ళవే. మూడు, మూడు, పైన ఒకటి. అలాగే అలవాటు. ఏమీ చెప్పడానికి లేదు. చెబితే పంతులు ఊరుకోడు.

సింహాలు ఆ కాయని తిప్పి తిప్పి చూసింది. రెండూ తవ్వి ఇంకో కుప్ప పెట్టింది. మూడో కాయ తీసుకుంది. అందులోంచి రెండే తీసి, మూడోదాన్ని కాయలోనే వదిలేసింది. చేతులు లంగాకి తుడుచుకుంది.

మూడు, రెండు, రెండు.

"లెక్కపెట్టలేదు! ఒక్క అంకె కూడా పలకలేదు!" అన్నాడు పంతులు.

"పెట్టాల్సినవి పెట్టింది కదా బాబూ, ఇంకా పలకడం దేనికి?"

"అలా కుదరదు. ఎన్నో చెప్పాలి. ఎన్నే పిల్లా?"

"ఆరున్నొక్కటి," అంది సింహాలు.

పంతులు తొడ చరిచాడు. "ఆ అంకె లేదు! ఏ బళ్ళోనూ లేదు. అసలు పేరు చెప్పు. చెబితేనే అరుగు."

సింహాలు గవరమ్మ వైపు తిరిగింది. "మామ్మా, మళ్ళీ ఏడవాలా?"

గవరమ్మ నోరు తెరిచింది. మాట రాలేదు.

ఊరి భయాన్ని వెక్కిరించిన మనిషి. ఆరున్నొక్కటిని పట్టుకుని అన్ని పేర్లు పెట్టించిన మనిషి. అసలు పేరు మాత్రం ఒక్క పిల్లకీ చెప్పలేదు. అరవై ఏళ్ళ కిందట కొత్తకోడలిగా బియ్యం కొలుస్తూ ఒకే ఒక్కసారి 'ఏడు' అంది. ఆ వారంలో మామగారి ఎద్దు చచ్చిపోయింది. ముసలి ఎద్దు. రేపో మాపో చావవలసినదే. కానీ కోడలి నోరే మింగిందన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఏ కుండ పగిలినా, ఎవరికి జ్వరమొచ్చినా, ఆ ఒక్క మాటకే చుట్టారు. మగాడి నోట్లోంచి జారితే అది పొరపాటు. ఆడదాని నోట్లోంచి వస్తే అది అరిష్టం. అప్పటినుంచీ ఆవిడ నాలుక ఆ అంకె దగ్గర తనంతట తనే పక్కకి తప్పుకునేది. ఆ తప్పుకోవడమే పిల్లలకీ నేర్పింది. తెలివనుకుని నేర్పింది.

ఈసారి గవరమ్మకి ఒళ్ళు మండింది తన మీదే. గోడ పక్కనే ఉంది. తల కొట్టుకోలేదు. ఆ గోడ వైపు తిరిగి, ఊరంతటికీ వినపడేలా అరిచింది.

"ఏడు!"

మగాళ్ళు ఉలిక్కిపడ్డారు. నాయుడు కొట్టంలోని ఎద్దుల వైపు చూశాడు.

"ఏడు!" అంది మళ్ళీ. "ఏడు! మూడుసార్లన్నాను. ఎవరింట్లో ఏది చస్తుందో చావనీండి. ఒలే సింహాలూ, అది ఏడవమనడం కాదే. ఆరున్నొక్కటి అసలు పేరు ఏడు. నీకు ముందే చెప్పకపోవడం నా బుద్ధితక్కువ."

ఎద్దులు నెమరేసుకుంటూనే ఉన్నాయి.

సింహాలు ఆలోచించింది. "ఏడు తర్వాత ఏటి మామ్మా?"

"ఏడున్నొక్కటి ఎంతో నువ్వే చెప్పు."

సింహాలు ఆకులోని కుప్పలు చూసింది. మూడో కాయలో తను వదిలేసిన ముంజెని తవ్వి ఆకులో పెట్టింది. మూడు, రెండు, మూడు.

"ఎనిమిది."

"ఎనిమిదే."

"ఎనిమిది కాడ ఎవులూ ఏడవరా?"

"ఎవరూ ఏడవరు."

"అయితే ఏడు కాడ మనం ఆగడమెందుకు? బేగి ఎనిమిదికి ఎల్లిపోదాం," అంది సింహాలు.

ముందు ఎర్రయ్యమ్మ నవ్వింది. తర్వాత ఆడవాళ్ళంతా నవ్వారు. చిట్టినాయుడు కూడా నవ్వాడు, ముంజె నోట్లోనే ఉంచుకుని. అడిగిన పేరు పిల్ల నోట వచ్చేసింది, పంతులు పెట్టిన షరతు పంతులికే తగులుకుంది. నాయుడు ఆకులోని ముంజె ఒకటి తీసి నోట్లో వేసుకుని, "కూకోబెట్టండి పంతులుగారూ, ఇక మాటెందుకు," అన్నాడు.

కూచోబెట్టారు. ఎక్కడ? స్తంభం వెనకాల, ఎండ తగిలే చోట. అక్కడ కూడా గవరమ్మకి ఒళ్ళు మండింది. ఏడాది పాటు రోజూ వచ్చి దెబ్బలాడితే స్తంభం ముందుకి మార్చారు. మరుసటి ఏడు ఇద్దరు ఆడపిల్లలు ఎక్కారు. ఆ పై ఏడు నలుగురు.

పంతులు కూడా మారాడు. ఒంట్లు తగ్గించి, పిల్లల చేత చింతగింజలు ఏరించడం, సోలలతో నీళ్ళు పోయించడం మొదలెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు వచ్చి, ఈ పద్ధతి ఎవరిదండీ అని అడిగితే, "నేనే ఆలోచించి పెట్టాను," అనేవాడు. గవరమ్మ పాకలోంచి ఆ మాట వినేది. వినబడేలా ఉమ్మేసేది. పనిలోకి తిరిగి వెళ్ళేది.

చాలా ఏళ్ళకి గవరమ్మ పోయింది. నాట్ల రోజుల్లో పోయింది. ఆవిడ చేతుల మీద పెరిగిన వాళ్ళంతా పాక చుట్టూ చేరారు. అప్పటికి ఆ అరుగు మీద చదువు చెప్పేది సింహాలే. ఎవరూ ఏడుపు ఆపుకోలేకపోయారు. అందరికంటే ఎక్కువ సింహాలు ఏడ్చింది. అప్పుడే నడక వచ్చిన ఒక పసిది, ఎవరి కూతురో ఏమో, చింతగింజల కుప్పలోంచి ఒక గింజ తీసుకుని తప్పటడుగులతో వెళ్ళి సింహాలు అరచేతిలో పెట్టింది. ఒకటే గింజ. సింహాలు దాన్ని చూసింది, 'ఏడున్నొక్కటి' అనుకుంది. గుప్పిట మూసింది. లేచి, పొయ్యి రాజేసి, పాకలో ఉన్న పిల్లలకి అంబలి కాచింది. "ఎంతమందున్నారో అన్ని దొప్పలు తెండి," అంది.

ఇప్పటికీ నేరేడువలసలో ధాన్యం కొలిచేవాడు ఆరో కుంచం దాకా తానే పలుకుతాడు. ఆ తర్వాత ఆగుతాడు. కళ్ళంలో ఉన్నవాళ్ళలో అందరికంటే చిన్న ఆడపిల్ల ముందుకొచ్చి "ఏడు!" అని అరిస్తే కానీ కుంచం ఎత్తడు. ఆ పిల్ల నిద్రపోతుంటే లేచేదాకా కాచుకుంటారు.

ఇప్పటికీ ఆ ఊళ్ళో పిల్ల ఏడిస్తే ఎవరూ ఊరుకోమనరు. "ఏడు అయిందా అమ్మా? అయితే పద, ఎనిమిదికి పోదాం," అంటారు. పిల్లలు కళ్ళు తుడుచుకుని ఎనిమిదికి వస్తారు. పెద్దవాళ్ళకి మాత్రం కొంచెం ఆలస్యమవుతుంది.